పాత బాడీ, కొత్త ఇంజిన్

మన దగ్గర మాజ్దా అంటే స్వరాజ్ మాజ్దా వ్యానే. ఆఫీసు స్టాఫునూ బడిపిల్లలనూ పెళ్ళివారినీ మోసిన బండి. అదే మాజ్దా 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో ఒక చిన్న కారును జనం ముందుకు తెచ్చింది. రెండే సీట్లు, వెనక్కి మడిచేసుకునే గుడ్డ టాపు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకు పవర్. బరువు వెయ్యి కిలోలకు కాస్త తక్కువ. పేరు ఎంఎక్స్-5, అమెరికావాళ్ళకు మియాటా. మన షోరూముల మొహం చూడలేదు గానీ, 2016 నాటికి అలాంటివి పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంతగా అమ్ముడైంది మరొకటి లేదు.

మొదటి తరం మియాటాకు మొదట్లో పెట్టింది 1.6 లీటర్ల ఇంజిన్. అమెరికా మోడల్‌లో 116 హార్స్‌పవర్. ఘాట్ రోడ్డు మీద సరదాగా తిరగడానికి అది ధారాళంగా సరిపోతుంది. రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్తేనే తంటా. మలుపుల్లో తనకంటే ఎంతో ఖరీదైన కార్లను తరుముతుంది. స్ట్రెయిట్ రాగానే అవన్నీ పక్కనుంచి దూసుకుపోతాయి. మలుపులో సంపాదించిందంతా స్ట్రెయిట్‌లో ఖర్చయిపోతుంది. అందుకే కొన్నేళ్ళుగా ట్రాక్ డ్రైవర్లలో ఒక పద్ధతి బాగా నాటుకుంది. పాత ఇంజిన్ దించేసి, 2000ల నాటి హోండా కార్లలో వచ్చిన 2.4 లీటర్ల కే24 ఇంజిన్ ఎక్కించడం. బయటికి అదే మియాటా. బానెట్ ఎత్తితే హోండా.

ఈ పనిని హార్స్‌పవర్ పిచ్చి అని కొట్టిపారేసేవాళ్ళు చాలామంది. చేసేవాళ్ళలో కూడా సగం మందికి అదే పిచ్చి, ఒప్పుకోవాలి. కానీ పని తెలిసినవాళ్ళు చేసిన కారును దగ్గర్నుంచి చూస్తే, అందులో హార్స్‌పవర్ కన్నా బరువు లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది. నేటి కార్లు బరువెక్కాయి. ప్రమాదంలో ప్రాణం నిలిపే బీములు, ఎయిర్‌బ్యాగులు, పక్కతలుపుల్లో ఉక్కు కడ్డీలు అన్నీ ఉండాల్సినవే. వాటి మీద ఫిర్యాదు లేదు. ఇప్పటి ఎంఎక్స్-5 మాత్రం ఇంకా తేలికే, వెయ్యి కిలోల పైన ఏ కొంచెమో. రెండు లీటర్ల ఇంజిన్‌తో 181 హార్స్‌పవర్ ఇస్తుంది. చక్కని కారు. అయితే నెలనెలా వాయిదాలు కడుతున్న కారును ట్రాక్ మీద గోడ అంచుదాకా తోలే గుండె ఎంతమందికి ఉంటుంది? ముప్ఫై ఏళ్ళ బాడీకి గీత పడ్డా గుండె పగలదు. కోసినా, వెల్డింగ్ చేసినా అడిగేవాడు లేడు.

ఒకరి బాడీలో మరొకరి ఇంజిన్ పెట్టడం కొత్త విద్యేమీ కాదు. 1932లో ఫోర్డు చౌకగా వీ8 ఇంజిన్ అందించిన దగ్గర్నుంచి కాలిఫోర్నియా కుర్రాళ్ళు దాన్ని తేలికపాటి పాత ఫోర్డు బాడీల్లో దించి, ఎండిన సరస్సుల నేల మీద పందేలు వేసుకున్నారు. 1955లో షెవ్రొలె చిన్న వీ8 రాగానే ఫోర్డు బాడీల్లోకి అదే ఎక్కింది. ఈ విద్యకు పేరు ప్రతిష్ఠలు తెచ్చినవాడు మాత్రం అమెరికా రేసు డ్రైవరు కారల్ షెల్బీ. ఇంగ్లండ్‌లోని ఏసీ కంపెనీ తన ఏస్ కారుకు బ్రిస్టల్ వారి ఆరు సిలిండర్ల ఇంజిన్ వాడుకునేది. బ్రిస్టల్ దాన్ని ఆపేయడంతో ఏసీకి మంచి బాడీ మిగిలింది, ఇంజిన్ పోయింది. అప్పుడే ఫోర్డు పలచటి పోతతో కొత్త చిన్న వీ8 చేసింది. షెల్బీ ఈ రెండిటినీ కలిపాడు. 1962 ఫిబ్రవరిలో ఇంజిన్ లేని ఏసీ కారు విమానంలో లాస్ ఏంజెలెస్ చేరింది. శాంటా ఫే స్ప్రింగ్స్‌లో డీన్ మూన్ షెడ్డులో గంటల వ్యవధిలో 4.2 లీటర్ల ఫోర్డు ఇంజిన్ అందులో కూర్చుంది. అదే మొదటి కోబ్రా. 2016లో ఆ కారు వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. ఈ రోజు ఎవరైనా పాత కారును కోస్తుంటే అయ్యో అనేవాళ్ళు, ఆ కోబ్రా కూడా ఒకనాటి మార్పిడి బండేనని గుర్తుంచుకోవడం మంచిది.

ఇంగ్లండ్‌లో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారు కథ ఇంకా తమాషా. జనరల్ మోటార్స్ వారు మూడేళ్ళు వాడి వదిలేసిన అల్యూమినియం వీ8ను రోవర్ కొనుక్కుంది. కెన్ కాస్టెల్లో అనే రేసు డ్రైవరు దాన్ని ఎంజీబీలో పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. అది చూసి ఎంజీబీ చేసే కంపెనీయే 1973లో ఎంజీబీ జీటీ వీ8 తీసుకొచ్చింది. ఇంజిన్ సైజు రెట్టింపు దాకా పెరిగినా అల్యూమినియం కావడంతో కారు ముక్కు మీద బరువు పెద్దగా పెరగలేదు. మన దేశంలోనూ కంపెనీలు చేసినవి ఉన్నాయి. 1980లలో వచ్చిన ప్రీమియర్ 118 ఎన్‌ఈ ఫియట్ బాడీలో నిస్సాన్ ఇంజిన్. 1990ల అంబాసిడర్‌లో ఇసుజు 1800 ఇంజిన్, అయిదు గేర్లతో. ఆ అంబాసిడర్ నడిపినవాళ్ళకు తెలుసు, అదే పాత సోఫా సీటులో కూర్చుని అంత పికప్ చూడటం ఎంత వింతగా ఉండేదో. కాకపోతే బ్రేకుల సంగతి కూడా వాళ్ళకే తెలుసు.

ఇక కే24 దగ్గరికి వద్దాం. ప్రపంచంలో ఇన్ని ఇంజిన్లుండగా జనం దీని వెంటే ఎందుకు పడ్డారు? దీనికి అన్నిటికంటే పెద్ద కారణం చాలామందికి తట్టదు, అది తిరిగే దిశ. పాత హోండా ఇంజిన్లు చాలావరకు మిగతా ప్రపంచానికి ఎదురు దిశలో తిరిగేవి. అలాంటి ఇంజిన్‌ను మామూలు వెనక చక్రాల కారు గేర్‌బాక్సుకు తగిలిస్తే రివర్స్ గేర్లు అయిదు, ముందుకు వెళ్ళే గేరు ఒకటి మిగులుతాయి. 2001లో కే సిరీస్‌తో హోండా తీరు మార్చుకుంది. పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. దాంతో మాజ్దా గేర్‌బాక్సుతో జోడీ కుదిరింది.

మిగతా సుగుణాలు తర్వాత. అల్యూమినియం బ్లాకు కాబట్టి, 1.6 లీటర్ల పాత ఇనుప బ్లాకు మాజ్దా ఇంజిన్‌కూ దీనికీ బరువులో పెద్ద తేడా లేదు. టైమింగ్ బెల్టు బదులు చైను. 2004 మోడల్‌గా అమెరికాలో వచ్చిన అక్యూరా టీఎస్‌ఎక్స్ కారులో ఇదే ఇంజిన్ 200 హార్స్‌పవర్ ఇచ్చింది, టర్బో లేకుండా. అకార్డ్, సీఆర్-వీ కార్లలోనూ ఈ కుటుంబం ఇంజిన్లే కాబట్టి తుక్కు యార్డుల్లో కొల్లలుగా దొరుకుతాయి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో తిరిగిన 2.4 అకార్డ్ బానెట్ కింద ఉన్నదీ ఈ కుటుంబమే; వెనక సీట్లో ఫైళ్ళు చూసుకుంటూ వెళ్ళిన ఆసామికి అందులో రేస్ ఇంజిన్ దాగి ఉందని తెలిసి ఉండదు.

టర్బో పెట్టుకోవచ్చు కదా అంటారు కొందరు. పెట్టుకోవచ్చు, పాత మాజ్దా ఇంజిన్‌తోనే 200 హార్స్‌పవర్ తెచ్చినవాళ్ళున్నారు. రోడ్డు కారుకు అది మంచి మార్గమే. ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్ అంతా ఫుల్ థ్రాటిల్‌లో నడుస్తుంది కాబట్టి టర్బో వేడి ఎటు పోవాలో తెలియక రేడియేటర్ మీద పడుతుంది. అసలే మియాటా ఇంజిన్‌కు నీళ్ళ దారిలో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. అది ముందు చక్రాల మాజ్దా 323 కోసం అడ్డంగా పెట్టేందుకు చేసిన ఇంజిన్. నిలువుగా తిప్పి మియాటాలో పెట్టినప్పుడు నీళ్ళు లోపలికి వెళ్ళే దారీ బయటికి వచ్చే దారీ రెండూ ముందువైపే అయ్యాయి. వెనకనున్న నాలుగో సిలిండర్‌కు చల్లదనం సరిగా అందదు. రోడ్డు మీద ఇది లెక్కలోకి రాదు, ట్రాక్ మీద వస్తుంది. కష్టపడుతున్న చిన్న ఇంజిన్‌ను ఇంకా పిండటం కన్నా, సులువుగా పనిచేసే పెద్ద ఇంజిన్ పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం.

పనిలోకి దిగుదాం. పాత ఇంజిన్ దించడం ఒక పూట పని. కొత్త ఇంజిన్‌ను ఎక్కడ, ఏ ఎత్తులో, ఏ వాలులో కూర్చోబెట్టాలన్నదే వారాలు తినే సమస్య. మూడు వైపుల నుంచి మూడు అడ్డంకులు. పైన బానెట్. ఇదే కుటుంబంలో చిన్నదైన కే20 ఇంజిన్‌లో క్రాంక్ మధ్య నుంచి బ్లాకు పైభాగం దాకా 212 మిల్లీమీటర్లయితే, కే24లో 231.5. ఆ రెండు సెంటీమీటర్లే తల తగిలేలా చేస్తాయి. కింద చూస్తే ముందు సబ్‌ఫ్రేమ్, స్టీరింగ్ ర్యాక్. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ వాటికి కొట్టుకుంటుంది. పక్కనేమో స్టీరింగ్ రాడ్డు. హోండా ఇంజిన్‌ను నిలువుగా తిప్పితే ఎగ్జాస్ట్ కారుకు కుడివైపు వస్తుంది. స్టీరింగ్ ఎడమవైపున్న అమెరికా కార్లకు బతుకు సుఖం. కుడివైపున్న ఇంగ్లండు, ఆస్ట్రేలియా కార్లలో మానిఫోల్డ్ గొట్టాలూ స్టీరింగ్ రాడ్డూ ఒకే చోటు కోసం కొట్లాడుకుంటాయి.

పని తెలిసిన మెకానిక్కు మొదటిసారే నిండు ఇంజిన్‌ను దించడు. లోపల ఏమీ లేని ఖాళీ బ్లాకు, దాని మీద ఖాళీ హెడ్డు పెట్టి చైన్ బ్లాకుకు వేలాడదీస్తాడు. ఇద్దరు మనుషులు చేత్తో అటూ ఇటూ జరపగలిగే బరువు. కింద చెక్కముక్కలు పేర్చి, గేర్‌బాక్సు బిగించి, అంగుళాల్లో మొదలుపెట్టి మిల్లీమీటర్లలోకి వస్తాడు. వేలు దూరితే సరిపోతుందనుకునేది కొత్తవాడు. ఇంజిన్ నిలబడి ఉండే వస్తువు కాదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఫౌండేషన్ రబ్బరు మీద పక్కకు ఒరుగుతుంది. నిలబడ్డప్పుడు తాకకపోయినా, మూడో గేరులో తొక్కినప్పుడు పుల్లీ వెళ్ళి సబ్‌ఫ్రేమును గీరుతుంది. అందుకే అన్ని వైపులా కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచి, ఆ తర్వాతే బ్రాకెట్లకు వెల్డింగ్ చుక్కలు పెడతారు. ముందు చుక్కలే. పూర్తి వెల్డింగ్ మళ్ళీ అన్నీ విప్పాక, బల్ల మీద.

ఇంజిన్ వాలు కూడా ఇప్పుడే తేలాలి. గేర్‌బాక్సు చివర నుంచి వెనక డిఫరెన్షియల్‌కు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు చివర్లా క్రాస్ జాయింట్లు. ముందు జాయింట్ వంపు, వెనక జాయింట్ వంపు సమానంగా, ఎదురెదురుగా ఉంటేనే ఒకటి తెచ్చిన కుదుపును మరొకటి చెరిపేస్తుంది. తేడా వస్తే గంటకు వంద కిలోమీటర్లు దాటగానే సీటు కింద రంపపు కోత మొదలవుతుంది. మియాటాలో ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. గేర్‌బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలుపుతూ మాజ్దా ఇంజినీర్లు పొడవాటి అల్యూమినియం దూలం పెట్టారు. గేర్‌బాక్సు కింద విడిగా ఆధారం లేదు. ముందు ఇంజిన్ ఫౌండేషన్లు, వెనక డిఫరెన్షియల్ ఫౌండేషన్లు, మధ్య ఈ దూలం. పాత గేర్‌బాక్సునే ఉంచుకుంటే ఈ వెనక అమరికంతా చెక్కుచెదరకుండా మిగులుతుంది. మియాటాకు ఆ పదునైన యాక్సిలరేటర్ స్పందన ఇచ్చినవాటిలో ఆ దూలం ఒకటి. దాన్ని తీసి పారేసే మార్పిడులు నాకు ఎప్పుడూ నచ్చలేదు.

హోండా ఇంజిన్‌కు మాజ్దా గేర్‌బాక్సు బిగించాలంటే మధ్యలో ఒక అల్యూమినియం పలక కావాలి. ఒకవైపు హోండా బోల్టుల కన్నాలు, మరోవైపు మాజ్దావి. ఇది లేత్, మిల్లింగ్ పనివాడి చేతి నైపుణ్యం తేలే చోటు. క్రాంక్ మధ్యబిందువు, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ మధ్యబిందువు ఒకే గీత మీద ఉండాలి. సాధారణంగా ఒప్పుకునే తేడా అంగుళంలో వెయ్యో వంతులు అయిదు, అంటే సుమారు 0.13 మిల్లీమీటర్లు. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ బిగించి, చేత్తో క్రాంకును ఒక చుట్టు తిప్పుతూ ముల్లు ఎంత కదిలిందో చూస్తారు. కదలిక ఎక్కువైతే క్లచ్ సరిగా విడవదు, పైలట్ బేరింగు అరిగిపోతుంది, గేర్‌బాక్సు ముందు బేరింగు ఏడుస్తుంది. ఆ లక్షణాలన్నీ చూసి క్లచ్ ప్లేటు మార్చి, మళ్ళీ మార్చి, చివరికి గేర్‌బాక్సును తిట్టుకునేవాళ్ళున్నారు. తప్పు పలకది. ఇప్పుడు కంప్యూటర్ మిషన్ మీద కోసిన పలకలు, సబ్‌ఫ్రేములు, చాంబర్లు సెట్లుగా అమ్ముతున్నారు కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గింది. తగ్గడం మంచిదే. అయినా ముల్లు పెట్టి చూసుకోనివాడి కారు ఎక్కకండి.

గేర్‌బాక్సు ఓర్పుకూ హద్దుంది. మియాటా అయిదు గేర్ల బాక్సు కొత్త టార్క్‌కు కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ట్రాక్ టైర్లతో బాదితే మూడో గేరు పళ్ళు రాలతాయి. తర్వాతి తరంలో వచ్చిన ఆరు గేర్ల బాక్సు గట్టిది. డిఫరెన్షియల్ అయితే 1994కు ముందు కార్లలో చిన్నది, ఆ ఏడు నుంచి వచ్చిన 1.8 కార్లలో పెద్దది. చిన్నదాన్ని ఉంచుకుని ఇంజిన్ మార్చడం వృథా ప్రయాస.

ఇప్పుడు ఆయిల్ సంగతి. ట్రాక్ కారులో ఇంజిన్లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. మెత్తని ట్రాక్ టైర్లున్న తేలికపాటి కారు మలుపులో భూమ్యాకర్షణకు సమానమైన బలంతో పక్కకు లాగబడుతుంది. ఆ క్షణంలో చాంబర్‌లోని ఆయిల్ దృష్టిలో కింద అనేది నేలవైపు ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. ఆయిల్ మట్టం 45 డిగ్రీల వాలులో ఒకవైపు గోడకు ఎగబాకుతుంది. పొడుగాటి మలుపులో నాలుగైదు సెకన్లు అలాగే నిలబడుతుంది. చాంబర్ మధ్యలో ఉన్న పీల్చుగొట్టం మూతి గాల్లో తేలుతుంది. పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. అదే సమయానికి ఇంజిన్ ఏడువేల ఆర్‌పీఎం మీద ఉంటుంది. కే24 స్ట్రోకు 99 మిల్లీమీటర్లు. 7,100 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 23 మీటర్ల పైన. ఆ వేగంలో కనెక్టింగ్ రాడ్డు బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర తెగితే, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగేలోపే పని అయిపోతుంది.

హోండా అసలు చాంబర్ ఎలాగూ మియాటాలో పట్టదు కాబట్టి కొత్తది చేయాల్సిందే. చేసేటప్పుడే లోపల అల్యూమినియం రేకులతో గదులు కడతారు. పీల్చుగొట్టం ఉన్న మధ్యగదికి నాలుగు వైపులా బుల్లి తలుపులు, లోపలికి మాత్రమే తెరుచుకునేవి. మలుపులో ఆయిల్ పక్కకు పరిగెత్తబోతే ఆ వైపు తలుపు మూసుకుంటుంది, ఎదుటి వైపు తలుపు తెరుచుకుని అక్కడి ఆయిల్ లోపలికి వస్తుంది. చూడ్డానికి చిలకగూడు కట్టినట్టుంటుంది గానీ ఇంజిన్ ప్రాణం ఆ తలుపుల కీళ్ళలోనే ఉంది. ఇంకా భయమున్నవాళ్ళు ఒక సిలిండర్ తగిలిస్తారు. లోపల ఒకవైపు గాలి ఒత్తిడి, మరోవైపు ఆయిల్, మధ్య పిస్టన్. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోగానే గాలి నెట్టడంతో దాచిపెట్టిన ఆయిల్ కొన్ని సెకన్ల పాటు బేరింగులకు అందుతుంది.

మరో మెలిక కూడా ఉంది. రోడ్డు కారులో వణుకు లేకుండా ఉండేందుకు కే24 ఆయిల్ పంపుకు బ్యాలెన్స్ షాఫ్టులు జోడించారు. ఎక్కువ ఆర్‌పీఎంలో ఆ పంపు ఆయిల్‌ను నురుగు చేస్తుంది. దాన్ని తీసేసి, స్పోర్ట్స్ మోడల్ కే20 ఇంజిన్ పంపు పెట్టడం ఈ పనిలో ఆనవాయితీ. కారు కాస్త వణుకుతుంది. వణకనివ్వండి. హోండా వీటెక్ కూడా ఆయిల్ ప్రెషర్ మీదే ఆధారపడుతుంది. దాదాపు ఆరువేల ఆర్‌పీఎం దగ్గర ఆయిల్ ఒత్తిడి ఒక పిన్నును నెట్టి, వాల్వులను ఎక్కువ సేపు, ఎక్కువ ఎత్తుకు తెరిచే పెద్ద క్యామ్‌ను పనిలోకి దింపుతుంది. ఆయిల్ సరిగా లేనిచోట ఆ గర్జన కూడా ఉండదు.

వైరింగ్ గురించి క్లుప్తంగానే చెప్తాను. రాసేవాడికీ చదివేవాడికీ అది విసుగే. మాజ్దా బాడీకి ఒక తీగల అల్లిక, హోండా ఇంజిన్‌కు మరొకటి. హోండా కంప్యూటర్ తన తాళంచెవి కోసం వెతుకుతుంది, దొరక్కపోతే స్టార్ట్ కానివ్వదు. అందుకే ప్రోగ్రామ్ మార్చుకోగల కంప్యూటర్ పెడతారు. టీఎస్‌ఎక్స్ ఇంజిన్‌కు ఎలక్ట్రానిక్ థ్రాటిల్ కాబట్టి హోండా పెడల్ కూడా తేవాలి, లేదా కేబుల్ థ్రాటిల్‌కు మారాలి. మొదలుపెట్టి వదిలేసిన మార్పిడి కార్లను చూస్తే ఎక్కువ భాగం ఈ దశలోనే ఆగి ఉంటాయి. ఇంజిన్ కూర్చుంటుంది, ఫొటోలు దిగుతారు, తర్వాత తీగలు వేలాడుతూ రెండేళ్ళు గడుస్తాయి. ఖర్చు తీరూ ఇంతే. తుక్కు యార్డులో ఇంజిన్ చౌకగా దొరికిందని మురిసిపోతారు. అసలు డబ్బంతా పలకలు, గొట్టాలు, హోసులు, క్లాంపులు, సెన్సర్లు, లేత్ షాపు బిల్లుల రూపంలో చెప్పాపెట్టకుండా పోతుంది.

ఇంజిన్ నడిచాక చాలామంది పండగ చేసుకుంటారు. మంచి పనివాడు అప్పుడు బ్రేకుల వైపు తిరుగుతాడు. స్ట్రెయిట్ చివర ఇదివరకు గంటకు 160 కిలోమీటర్లు చేరే కారు ఇప్పుడు 180 చేరిందనుకుందాం. వేగం పెరిగింది ఎనిమిదో వంతు. బ్రేకులు మింగాల్సిన శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 27 శాతం ఎక్కువ. అదీ ప్రతి ల్యాపులో, ప్రతి పెద్ద మలుపు ముందూ. పాత చిన్న డిస్కులు నాలుగు ల్యాపుల్లో నీలం రంగుకు తిరిగి, ఫ్లూయిడ్ మరిగి, పెడల్ నేలకు దిగుతుంది. రేడియేటర్ పరిస్థితీ అంతే. పెద్దది పెట్టినంత మాత్రాన చాలదు. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుక్కుంటుంది; రేడియేటర్ చుట్టూ సందులుంటే దాన్ని తప్పించుకుని పోతుంది. ఆ సందులన్నీ రేకుతో, ఫోమ్‌తో మూసినవాడి కారు, ఖరీదైన రేడియేటర్ పెట్టి సందులు వదిలేసినవాడి కారు కన్నా చల్లగా నడుస్తుంది.

ఇదే మియాటాలో షెవ్రొలె ఎల్‌ఎస్ వీ8 పెట్టేవాళ్ళూ ఉన్నారు. 1997 కార్వెట్‌తో మొదలైన ఆ ఇంజిన్ కుటుంబం అమెరికాలో ఇంజిన్ మార్పిడులకు రాజు. క్యామ్ బ్లాకులోనే ఉండటంతో 5.7 లీటర్ల వీ8 కూడా ఆశ్చర్యపడేంత చిన్న చోటులో ఇమిడిపోతుంది. కానీ బలమైన గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ అన్నీ కలిపి మియాటాకు దగ్గర దగ్గర వంద కిలోలు అదనం. పాత కారుకు మూడింతలు పవర్ వస్తుంది, నవ్వు ఆగదు. ట్రాక్ మీద మాత్రం అది వేరే కారు. టైర్లు, బ్రేకులు, రేడియేటర్ అన్నీ ఆ పవర్‌కు సేవ చేయడంతోనే సరిపోతుంది. కే24 పెట్టిన మియాటాకు చక్రాల దగ్గర 200 హార్స్‌పవర్ పైమాట, అంటే పాతదానికి ఇంచుమించు రెట్టింపు. ముక్కు బరువు మారదు. మలుపులో అదే కారు, మలుపు బయట వేరే కారు. నేనైతే ఇటువైపే.

చట్టం ప్రతిచోటా ఒకలా లేదు. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిప్పే కారుకు ఇంజిన్ మార్చాలంటే, కొత్త ఇంజిన్ కారు తయారైన ఏడాదిదైనా కావాలి, తర్వాతిదైనా కావాలి. దాని పొగ నియంత్రణ సామాను మొత్తం కూడా వెంట రావాలి. ప్రభుత్వం నియమించిన రెఫరీ బానెట్ ఎత్తి చూసి ముద్ర వేస్తాడు. పాతది తీసి తక్కువ పొగ వదిలే కొత్తది పెడితే మాకేం అభ్యంతరమన్నది వాళ్ళ తర్కం. సబబుగానే ఉంది. మన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌కూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగా చెప్పింది. కాబట్టి ఇక్కడ ఇలాంటి కారు చేసుకునేవాడు దాన్ని లారీ మీద ఎక్కించుకుని శ్రీపెరంబుదూరు ట్రాక్‌కో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో తీసుకెళ్ళాలి. హైదరాబాద్‌లో 2023లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గానీ, అది వీధులు మూసి వేసిన ట్రాక్. మనవాళ్ళు సొంత బండి తెచ్చుకుని తిప్పే చోటు కాదు.

శాన్ హోసే, ఫ్రీమాంట్ ప్రాంతాల్లో ఉండే తెలుగువాళ్ళకు ఆ భాగ్యం ఉంది. గంటన్నర దూరంలో లగూనా సెకా. 3.6 కిలోమీటర్ల ట్రాక్, పదకొండు మలుపులు. కొండెక్కి, కార్క్‌స్క్రూ అనే జంట మలుపులో ఒక్కసారిగా 18 మీటర్లు కిందికి జారుతుంది. చుట్టూ ఇళ్ళున్నాయి కాబట్టి చాలా ట్రాక్ డేల్లో శబ్దానికి 90 డెసిబెల్స్ చుట్టుపక్కలే హద్దు. మైకు పెట్టి కొలుస్తారు. దాటితే నల్ల జెండా. ఇంత కష్టపడి ఇంజిన్ ఎక్కించి, సైలెన్సర్ దగ్గర పిసినారితనం చేసినవాడు రెండో ల్యాపుకే ఇంటిదారి పడతాడు.

మొదటిసారి ట్రాక్‌కు తెచ్చిన మార్పిడి కారు ఎలా నడవాలో పని తెలిసినవాళ్ళకు ఒక లెక్క ఉంటుంది. మొదటి సెషన్‌లో నాలుగువేల ఆర్‌పీఎం దాటరు. రెండు ల్యాపులు తిప్పి లోపలికి వచ్చేస్తారు. బానెట్ ఎత్తి, టార్చి వేసి, పలక అతుకు కింద ఆయిల్ తడి ఉందేమో చూస్తారు. చాంబర్ గాస్కెట్ అంచున గుడ్డతో తుడిచి, గుడ్డ రంగు చూస్తారు. వేడెక్కి చల్లారిన మానిఫోల్డ్ బోల్టులు తప్పకుండా వదులవుతాయి, మళ్ళీ బిగిస్తారు. ఫౌండేషన్ బోల్టుల మీద ముందే పెయింటు గీత గీసి ఉంచుతారు, గీత జరిగితే బోల్టు జరిగినట్టు. ఎక్కడైనా హోసు దేనికైనా రాసుకుందా అని వేలితో తడుముతారు. రెండో సెషన్‌లో ఆయిల్ ప్రెషర్, నీళ్ళ వేడి రికార్డు చేసే పెట్టెను ఆన్ చేసి ఆరువేల దాకా వెళ్తారు. లోపలికి వచ్చాక గ్రాఫులో ఒక్క మలుపు దగ్గరైనా ప్రెషర్ గీత కిందికి కుంగిందా అని వెతుకుతారు. కుంగితే ఆ రోజుకు కారు లారీ ఎక్కుతుంది, చాంబర్ మళ్ళీ బల్ల మీదికి వెళ్తుంది. కుంగకపోతే మూడో సెషన్‌లో రెడ్‌లైన్ దాకా తొక్కుతారు.